ఒక నౌకాదళ విమానము ఆత్మకథ

విశాఖపట్టణమున రామకృష్ణా బీచి రోడ్డు ప్రక్కన, యాభై మీటర్ల రెక్కలు చాచి నిలిచియున్న టీయూ-142 విమానమును నేను. రోడ్డున కావలివైపు ఇసుకమీద కురుసుర జలాంతర్గామి యున్నది. జలాంతర్గాములను వెదకి పట్టుటకై పుట్టిన నాకు, తుదిదశలో ఒక జలాంతర్గామినే రేయింబవళ్ళు ఎదురుగా చూచుచు నిలుచు యోగము పట్టినది. ఆమెయు నావలెనే సోవియట్ దేశమున పుట్టి, నావలెనే భారత నౌకాదళమున సేవచేసి, నాకంటె ముందుగా 2001లో విశ్రాంతి పొందినది. ఆమెపై నాకు వైరము లేదు.

టుపోలెవ్ రూపకర్తల ఊహలో మొలకెత్తి టాగన్‌రోగ్ కర్మాగారమున రూపు దాల్చితినని చెప్పిన నా జననవృత్తాంతమునకు చాలును. 1988లో గోవాకు చేరిన మేము ఎనమండుగురము. 1992లో అరక్కోణము మాకు నివాసమైనది. నాకున్న నాలుగు ఇంజన్లలో ఒక్కొక్కదానికి పరస్పర విరుద్ధదిశలలో తిరుగు రెండేసి పంఖములు కలవు. పంఖములతో ఎగురుచు నేటికిని సేవలోనున్న విమానములలో నా వంశమును వేగమున మించినది లేదు. అయినను నాకు గర్వకారణమైనది వేగము కాదు, ఓర్పు. హిందూమహాసముద్రముపై పది గంటలకు మించి తిరుగుచు, ధ్వనిని పసిగట్టు బోయాలను ఒకదాని వెంట నొకటి నీటిపైకి జారవిడిచి, అవి పంపు సవ్వడులలో తిమింగిలమేదో యంత్రమేదో పోల్చుకొనుటకు నాలోని నావికులు చెవులు నిక్కించి కూర్చుండిన రాత్రులే నా యౌవనము. 29 ఏండ్లలో మా దళము సుమారు 30,000 గంటలు ఎగిరియు ఒక్క ప్రమాదము నెరుగదు. ఈ కీర్తిలో సింహభాగము, తెల్లవారక మునుపే దీపములు పట్టుకొని వచ్చి నా యంత్రములను పరీక్షించిన సాంకేతికులది.

సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైన పిదప విడిభాగములు దుర్లభములైనవి. జెట్ ఇంజన్ల పీ-8ఐ విమానములు వచ్చినవి. 2017 మార్చి 29న మాకు సేవావిరతి కలిగినది. ఆ ఏప్రిలులో విశాఖకు ఎగిరివచ్చుటయే నా కడపటి ప్రయాణము. పిమ్మట నా రెక్కలను విడదీసి, భాగములుగా తీరమునకు తెచ్చి మరల కూర్చిరి. అన్ని తుపానుమేఘములను దాటినపుడు ఎరుగని నొప్పిని ఆ విడదీతలో ఎరిగితిని.

ఎగురు దినములలో సముద్రముమీదినుండి దిగివచ్చిన నన్ను, ఉప్పు అంటి లోహమును తినకుండ, మంచినీటితో కడిగెడివారు. ఇప్పుడా ఉప్పుగాలిలోనే నాకు కాపురము. రంగు ఎంత పూసినను రివెట్ల అంచులను క్షయము వెదకుచునే యుండును. అంతకంటె బాధాకరమైనది, నా గర్భములోనికి వచ్చి, నావికులు కన్ను మూయక కూర్చుండిన స్థానముల ప్రక్కన తాళపుచెవితో తమ పేర్లు గీయువారి చేష్ట. నన్ను చూడకయే నాముందు తమ ముఖమును చిత్రించుకొని పోవువారు అనేకులు. వారిపై కోపము లేదు గాని, వారు పోయిన పిదప నాకు ఒంటరితనము హెచ్చును.

ఇందుకు భిన్నులు విమానప్రియులు. వారు వచ్చినంతనే పంఖముల జంటలను లెక్కించెదరు. తోకకొనన వెనుకకు చాచియున్న, జలాంతర్గామి ఉక్కువలన కలుగు అయస్కాంతవికారమును కనిపెట్టు పరికరమెద్దియో పిల్లలకు చూపెదరు. ఒకనాడు విశ్రాంత సాంకేతికుడొకరు, గోవాలో నా ముక్కుక్రింద సహచరులతో తీయించుకొనిన వెలిసిన ఛాయాచిత్రమును సంచినుండి తీసి, కెమేరా పట్టుకొనియున్న ఒక యువకునికి చూపిరి. ఆ యువకుడు చిత్రములోని చోటును నా శరీరముపై వెదకి, అదే కోణమునుండి నన్ను చిత్రించి, “వీరందరు ఎవరండీ?” అని అడిగెను. వృద్ధుడు ఒక్కొక్క ముఖముపై వ్రేలుంచి పేరు చెప్పుచు పోయెను. ఇద్దరియొద్ద ఆగిపోయి, ఎంత తలచినను పేరు గుర్తునకు రాక కండ్లు తుడుచుకొనెను. చిత్రము వెనుకభాగము ఖాళీగానే యున్నది.

నా చిత్రములు కలిగియున్న అయ్యలారా, అమ్మలారా, వాని వెనుక తేదీని, స్థలమును, నా ప్రక్కన నిలిచినవారి పేర్లను నేడే వ్రాయుడు. చెప్పగలవారు ఇంకను మీ యిండ్లలో ఉన్నారు.