ఒళ్లు వంచకుండా రంగు పుంజులు తీసే పద్ధతి

కోడి మాంసం తూకం మీద అమ్ముడుపోతుంది, ఈక మాట మీద అమ్ముడుపోతుంది. తూకం పెరగాలంటే మేత పెట్టాలి. మాటకు నోరుంటే చాలు. కర్నూలు, కడప పల్లెల్లో దొడ్డి ఉన్నవాళ్లంతా ఇక ఈక మీద పడండి.

1. ముందే రంగు ఎంచుకోవద్దు. ఒళ్లంతా ఎరుపైతే డేగ, నలుపైతే కాకి, తెలుపైతే సేతువ, మెడ మీద నలుపూ తెలుపూ సమంగా ఉంటే పర్ల. పిల్లల్లో ఏది ఎక్కువ తేలితే అదే మొదటినుంచీ మీరు కోరుకున్నదని రచ్చబండ దగ్గర చెప్పండి. గురి తప్పే ప్రశ్నే ఉండదు.

2. పుంజును కొనొద్దు. పక్కింట్లో మంచి అసీల్ పుంజు ఉంటే తెల్లారుజామున మీ దొడ్డిలో గుప్పెడు నూకలు చల్లండి. అదే వస్తుంది. వాళ్లు నోరెత్తకముందే మీరు ఎత్తుకోండి: "ఏం మామా, నీ పుంజొచ్చి మా సజ్జలన్నీ తింటాండాది, కట్టేసుకోకూడదా?" ఆ మామ సిగ్గుపడి గంప కింద మూసేలోపు మీ పని అయిపోతుంది.

3. పెట్ట ఏదైనా ఫరవాలేదు. పిల్లకు సగం గుణం పెట్టదే, దాని ఈకల్లో కనబడని రంగు కూడా పిల్లల్లో బయటపడుతుంది, నిజమే. అయితే ఆ దారిన పోతే ఏ గుడ్డు ఏ పెట్టదో రాసిపెట్టుకోవాలి, కాలికి గుర్తు కట్టాలి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది కదా అని అడగడానికి పోవద్దు. పోతే పని చెప్తారు.

4. అదే పుంజును దాని కూతుళ్లకు, తర్వాత మనవరాళ్లకు వేయండి. గుడ్లు సరిగ్గా పొదగవు, పిల్లలు నీరసంగా పుడతాయి. మంచిదే, మేత ఖర్చు తగ్గుతుంది. కొక్కెర తెగులుకు వారం పిల్లప్పుడే టీకా చుక్కలు వేయాలంటారు. ఆ తిరుగుడు మనకెందుకు? చచ్చిన పిల్ల రంగు ఎవరూ అడగరు. అడిగితే దిష్టి తగిలిందనండి.

5. పిల్లలను నూగు మీదే అమ్మేయండి. నూగు రంగు వేరు, ఈక రంగు వేరు. అసలు రంగు తేలేసరికి నెలలు పడుతుంది. ఆ నెలల మేత కొన్నవాడు పెట్టుకుంటాడు.

6. రంగు రాకపోతే పూయండి. జుట్టుకు వేసే నల్ల పొడి ప్యాకెట్టుతో ఏ మైల పెట్టయినా కడక్‌నాథ్ అవుతుంది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరు గట్టిగా వాడుకోండి. దానికి మాంసమూ నాలుకా కూడా నల్లగానే ఉంటాయి, కాబట్టి నోరు తెరిచి చూసే బేరగాడు రాకుండా మైదుకూరు సంతకు చీకటిపడే వేళ దిగండి. ఏడాదికోసారి ఈకలు రాలి సొంత రంగు మొలుస్తుంది. అప్పుడు "మా ఊళ్లో నల్లగానే ఉండె, మీ ఊరి నీళ్లు పడలేదబ్బా" అంటే సరి.

7. ఒక శాస్త్రం కంఠతా పెట్టండి. బూడిదనీలం కోళ్లను వాటిలో వాటికే కలిపితే సుమారు సగం పిల్లలే నీలంగా వస్తాయి. పావు వంతు నలుపు, పావు వంతు మచ్చల తెలుపు. ఈ లెక్క ఆ రంగుకే. మీరు డేగకూ కాకికీ అన్నిటికీ వాడండి. తగాదాకొచ్చినవాడు పావులు, సగాలు వింటే వెనక్కి తగ్గుతాడు.

8. అన్నిటికన్నా మేలైన బేరం సంక్రాంతి ముందు గోదావరి జిల్లాల నుంచి వచ్చేవాళ్లది. పందెం వేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అదే మీకు గ్యారంటీ. డేగని చెప్పి అంటగట్టిన పుంజు ఓడిందని ఎవడూ పోలీస్ స్టేషన్‌కు పోడు.

9. ఇవన్నీ తప్పకుండా పాటిస్తే మూడో ఏటికి దొడ్డిలో ఒకే ఒక్క పుంజు మిగులుతుంది, అదీ రంగు పూసింది. ఇప్పుడు మీ కోళ్లన్నీ నూటికి నూరు పాళ్లు ఒకే రంగు. ఆదివారం సంగట్లోకి పులుసు కావాలంటే బ్రాయిలర్ తెచ్చుకోండి. దానికి ఈకలు తెల్లగానే ఉంటాయి, ఎంచుకునే పని కూడా లేదు.