కాషన్ ఆర్డర్

నాకు ఆపరేషన్ ముందు జరిగింది, మా పెద్దాయనకు తర్వాత జరిగింది. ఆ సంగతి చెప్పేముందు నా పుట్టుక గురించి రెండు ముక్కలు.

నేను పుట్టింది మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ ఫ్యాక్టరీలో. పేరు ఫోర్స్ ట్రావెలర్. మావాళ్లు ఈ దేశంలో 1987లో రోడ్డెక్కారు. అప్పట్లో మా ఇంటిపేరు బజాజ్ టెంపో. అందుకే ఇప్పటికీ జనం నన్ను ‘టెంపో’ అనే పిలుస్తారు. రాజమహేంద్రవరంలో నా మొదటి యజమాని నన్ను పెళ్లిళ్లకూ యాత్రలకూ తిప్పేవాడు. అన్నవరం, సింహాచలం, తిరుపతి, షిర్డీ... పన్నెండు సీట్లలో పదిహేడు మంది, కాళ్ల కింద లడ్డూల సంచులు, వెనక సీట్లో వాంతి చేసుకునే పిల్లాడు. స్పీడ్ బ్రేకర్‌ని నేనెన్నడూ లెక్కచేయలేదు. ఎగిరిపడితే కుర్రాళ్లు కేరింతలు కొట్టేవాళ్లు, తల తగిలితే ముసలాళ్లు తిట్టేవాళ్లు. రెండూ నాకు మామూలే.

పన్నెండేళ్లు అలా అరిగాక నన్ను కొన్నది రైలింజిన్ నడిపి రిటైరైన లోకో పైలట్. ఆయన నా సీట్లన్నీ ఊడబీకించి రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టించాడు. ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగి ఆర్సీలో ఆ మార్పులు రాయించాడు. “నలభై ఏళ్లు పట్టాలు ఎటు పోతే అటు పోయాను. ఇప్పుడు నాకు నచ్చిన చోట మలుపు తిప్పుతా,” అన్నాడు. మొదటి చలికాలం కన్యాకుమారి దాకా వెళ్లొచ్చాం.

రెండో చలికాలానికి ముందు ఒక సాయంత్రం మేడమెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. మూడు చోట్ల అడ్డంకులన్నారు. రొమ్ము ఎముకను నిలువునా కోసి, ఛాతీలోంచి ఒక నాళాన్నీ, కాలి సిరనుంచి రెండు ముక్కల్నీ తీసి గుండెకు అతికి, ఎముకను స్టీలు తీగలతో బిగించారు. ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చిన వాళ్లకు ఆయన చెప్పే వివరణ ఒక్కటే: “మెయిన్ లైను మూసుకుపోయింది. లూప్ లైన్లోంచి పంపించారు.” దాని వెనకే ఒక గొప్ప: “దేశంలో మొదటి బైపాస్ చేసింది మా రైల్వే ఆసుపత్రిలోనే, తెలుసా? పెరంబూరులో, 1975లో, డాక్టర్ చెరియన్.”

తొమ్మిది వారాలు నేను షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్నాను. పదో వారంలో డాక్టరు సరేనన్నారు, కొన్ని షరతులు పెట్టి. స్టీరింగ్ పట్టకూడదు. నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. గంటకోసారి దిగి నడవాలి, ఎక్కువసేపు కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. ఘాట్ రోడ్లు, దూరాభారాలు వద్దు. అందుకని మారేడుమిల్లి, అరకు పేర్లు కొట్టేసి గోదారి వెంట దిగువకు, అంతర్వేది దాకా అనుకున్నారు. గట్టిగా నడిపితే పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి చేరే దూరం. మేం మూడు రోజులు పెట్టుకున్నాం.

స్టీరింగ్ మేనల్లుడి చేతికొచ్చింది. కుర్రాడికి నా జబ్బు బాగా తెలుసు. ఖాళీగా ఉంటే నా కమాన్ కట్టలు బిర్రబిగుసుకుని ప్రతి గతుకునూ పైకి విసురుతాయి. బరువుంటేనే మెత్తబడతాయి. ట్యాంకు నిండా నీళ్లు నింపి, వెనక రెండు బియ్యం బస్తాలు పెట్టాడు. వెనక చక్రాల మీదుండే మంచం కాదని, నడిమధ్యలో మావయ్యకు కుర్చీ బిగించాడు. అత్తయ్య ఆయన ఒళ్లో బూరుగుదూది దిండు పెట్టింది. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా కుదుపొచ్చినా దాన్ని రొమ్ముకు హత్తుకోవాలి. సీటు బెల్టుకూ ఎముకకూ మధ్య కూడా అదే.

“మావయ్యా, ఎంతలో పోనిమ్మంటావ్?”

“ఒరేయ్, పట్టాల మీద పని జరుగుతుంటే డ్రైవరుకి కాషన్ ఆర్డర్ అని ఒక కాయితం ఇస్తారు. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఇరవై, ఇక్కడ ముప్ఫై అని. రాజధాని అయినా సరే, దానికి తల వంచాల్సిందే. ఇప్పుడు నా లైను మీద పని జరుగుతోంది. ముప్ఫై దాటకు.”

ధవళేశ్వరం బ్యారేజీ మీద మేం పోతుంటే సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. అవతల గట్టున మొదటిసారి ఆగాం. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసిన చోటు అది. ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ, 175 గేట్లు. పెద్దాయన నడవడానికి దిగాడు. గేట్లు లెక్కపెడుతూ పోయి పన్నెండో గేటు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుని వెనక్కొచ్చాడు. “ఈ లెక్కన మొత్తం చూడ్డానికి పదిహేను రోజులు పడుతుందే,” అన్నాడు అత్తయ్యతో. “పట్టనివ్వండి, మనకేం బండి తప్పిపోతుందా?” అందావిడ.

తప్పు నావల్ల జరిగింది ఆ సాయంత్రమే. ఆత్రేయపురం దారిలో, చెట్టు నీడన, రంగు లేని స్పీడ్ బ్రేకర్. కుర్రాడు చూడలేదు. ముందు చక్రాలు ఎక్కాక తెలిసింది, బ్రేకు తొక్కాడు, వెనక చక్రాలు మాత్రం నా పాత పద్ధతిలోనే దిగాయి. లోపల స్టీలు గ్లాసు దొర్లిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. పెద్దాయన కళ్లు మూసుకుని దిండును పొదివి పట్టుకున్నాడు. అత్తయ్య చెయ్యి ఆయన భుజం మీద బిగుసుకుపోయింది. లక్షల కిలోమీటర్లు తిరిగాను గానీ నాలో కూర్చున్న మనిషి ఊపిరి కోసం అంతలా చెవులు రిక్కించింది అదే మొదలు. కాసేపటికి ఆయన కళ్లు తెరిచి, “తీగలు గట్టివేరా, పోనీ,” అన్నాడు. ఆ తర్వాత దారి పొడవునా అత్తయ్య అద్దంలోంచి దారి చూస్తూ, “బ్రేకరూ!” అని కేక వేసేది. ఆయన దిండు పట్టుకునేవాడు, కుర్రాడు ఫస్ట్ గేరులోకి దింపేవాడు, నేను పాలగిన్నె మోసే మనిషిలా ఒక్కో చక్రం ఎక్కించి దించేవాణ్ణి.

ఆత్రేయపురంలో ఒక ఇంటి అరుగు ముందు ఆపారు. లోపల ఒకావిడ పొయ్యిమీద బోర్లించిన కుండ ముందు కూర్చుంది. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, రెండు చేతులా చాపి కుండ మీదుగా ఒక్కసారి లాగింది. చుయ్‌మన్న చప్పుడు ఆగేలోగా పొర ఆరి అంచులు లేచాయి. వేళ్లతో అలా తీసి పక్కన పెట్టింది. దాని అవతలున్న గోడ కనబడుతోంది. పెద్దాయన నెయ్యి డబ్బా వైపు చూశాడు, బెల్లం కోరు వైపు చూశాడు, చివరికి అత్తయ్య వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. రేకులావిడకు విషయం అర్థమై, ఉత్త రేకొకటి మడిచి చేతిలో పెట్టింది. “బాబుగారూ, మీకోసం చక్కెర లేని పూతరేకు.” ఆయన దాన్ని నాలుక మీద పెట్టుకుని, “కాగితం,” అన్నాడు. అని ఇంకొకటడిగాడు.

రాత్రిళ్లు నాకు తెలిసినంత మరెవరికీ తెలియదు. మంచం మీద ఎవరు కదిలినా ఆ బరువు కమాన్ కట్టలకు చేరుతుంది. మొదటి రాత్రి ఆయన వెల్లకిలా, కోసిన కాలు దుప్పటి చుట్ట మీద పెట్టుకుని, బాగానే పడుకున్నాడు. అత్తయ్య మాత్రం తొమ్మిదిసార్లు లేచింది. లేచి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి పడుకునేది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరసని పొద్దున మేనల్లుడితో చెబుతుంటే విన్నాను. రెండో రాత్రి దిండిలో, వశిష్ఠ ఒడ్డున, అయిదుసార్లు.

మర్నాడు దారిలో మేనల్లుడికి ఓపిక నశించింది. “మావయ్యా, నీ రిపోర్టులన్నీ బాగున్నాయిగా. ఇంకా ముప్ఫైయేనా?”

“పని జరిగే చోటు దాటాక T అని బోర్డు ఉంటుందిరా. అది పని అయిపోయిన చోట ఉండదు, ఇంకా ముందుకుంటుంది. ఎందుకో తెలుసా? ఇంజిన్ దాటగానే వేగం పెంచితే వెనక పెట్టెలు ఇంకా ఆ మెత్తటి పట్టాల మీదే ఉంటాయి. ఆఖరి పెట్టె దాటాలి. అప్పుడు తిప్పాలి నాచ్.”

అంతర్వేదిలో నరసింహస్వామికి ధ్వజస్తంభం దగ్గర్నుంచే దండం పెట్టుకుని, గోదారి సముద్రంలో కలిసే వైపు నన్ను నిలిపారు. ఆ రాత్రి నేను లెక్కపెట్టడానికే మేలుకున్నాను. ఒంటిగంట అయింది. మూడు అయింది. కమాన్ కట్టలు కదల్లేదు.

తెల్లవారుతుండగా కదిలాయి. లేచింది పెద్దాయన. నేర్పించినట్టే పక్కకు ఒత్తిగిలి, కాళ్లు ముందు దించి, చేతుల మీద బరువు మోపకుండా లేచి కూర్చున్నాడు. మూడు గోళీల ప్లాస్టిక్ డబ్బా నోట్లో పెట్టుకుని ఊపిరి లాగాడు. రెండు గోళీలు పైకి తేలాయి, మూడోది సగం లేచి పడింది. చప్పుడు కాకుండా డబ్బా దించి, చిన్న గిన్నెలో పాలు పెట్టాడు.

మేనల్లుడు ముందు సీట్లోంచి తల తిప్పి, “అత్తయ్యని లేపనా?” అని గుసగుసగా అడిగాడు.

“వద్దు. ఆఖరి పెట్టె దాటుతోంది.”

సముద్రం గాలికి నా పక్క తలుపు కిర్రుమనబోయింది. కుర్రాడు చెయ్యి అడ్డుపెట్టి ఆపాడు.