మంచము క్రింది రాట్నము

నేనొక రాట్నమును. ప్రత్తి వడకు రాట్నమును కాను. వడికిన నూలును చిలపనుండి విప్పి, మగ్గపు నాడెలో ఇముడునట్లు కండెలకు చుట్టు రాట్నమును. భట్టిప్రోలు వడ్రంగి యొకడు తుమ్మకఱ్ఱతో నా చక్రమును చేసెననియు, కమ్మరి కదురును సాగగొట్టి యిచ్చెననియు తప్ప నా పుట్టుకను గూర్చి చెప్పదగినది లేదు. పదేండ్ల పిల్ల యొకతె నా పిడిపై చేయి వేసిననాడే నేను నిజముగా పుట్టితినని నా నమ్మకము. ఆమెను మేనత్త కొడుకునకే యిచ్చి చేసినందున ఊరు మారలేదు, వీథి మాత్రమే మారినది. సారెతో పాటు నేనును ఆమె వెంట నడచితిని. ఆమెను నేను అమ్మ యనియే పిలుతును.

మగ్గము గుంటలో కూర్చుండువాడు ఒక్కడే యైనను, వాని వెనుక ఇల్లంతయు పనిచేయవలెను. వదులుగా చుట్టిన కండె నాడెలో జారి పోగు తెంపును. బిగువు హెచ్చినచో నూలు విడివడక అంచు లాగుకొనిపోవును. అమ్మ కుడిచేత పిడి త్రిప్పుచు, ఎడమచేతి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పోగును పట్టి, ఆ రెండు వ్రేళ్ల యొత్తిడితోనే నూలు మంచిచెడ్డలు తెలిసికొనెడిది. దశాబ్దముల తరబడి పోగు నడచిన ఆ చూపుడువ్రేలిపై సన్నని గాడి యొకటి పడినది. పోగు తెగినప్పుడు ఆమె క్రిందికి చూడకయే ముడి వేయును. ఆ ముడి ఆమె భర్త చేతికి గాని, చీర కట్టినవారి చేతికి గాని ఎన్నడును తగిలి యుండదు. నా కింతకంటె గర్వకారణము వేరొకటి లేదు.

తరువాత మరమగ్గములు వచ్చెను. నూలు ధర పెరిగెను, కూలి పెరుగదాయెను. మగ్గము గుంటను మన్నుతో పూడ్చి పైన సిమెంటు చేసిరి. నన్ను అటక యెక్కించిరి. ఎలుకలు నా త్రాటిని కొఱికివేసెను. నా చక్రపు ఆకు నొకదానిని ఊడదీసి పిల్లలు క్రికెట్టు వికెట్టుగా పాతిరి. ఒకనాడు పాత సామానుల బండివాడు నన్ను అటూ ఇటూ త్రిప్పి చూచి, కదురులోని ఇనుమునకు మాత్రమే వెల కట్టెను. పొయ్యిమీది పాలను, ఉప్పు వేసితినో లేదో అను సంగతిని అప్పటికే మరచుచుండిన అమ్మ, ఆ మాట విని వచ్చి నన్ను రెండు చేతులతో చుట్టివేసికొని కూర్చుండెను. ఎవ్వరెంత చెప్పినను విడువలేదు. ఆ పట్టు నాకిప్పటికిని తెలియుచునే యున్నది.

పనికిరానిదని తేల్చివేయుట మా భట్టిప్రోలునకు క్రొత్త కాదు. విక్రమార్కకోట దిబ్బ యని పిలువబడిన మా స్తూపమును వట్టి ఇటుకల కుప్పగా ఎంచి, దాని పాలరాళ్లను కొనిపోయి వెల్లటూరు కాలువ పనికి వాడిరట. 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ దొర ఆ మిగిలిన దిబ్బనే త్రవ్వించగా, లోపల రాతి భరిణెలును, స్ఫటికపు పాత్రయు, బంగారు పువ్వులును, వానిని సమర్పించినవారి పేర్లును బయటపడెను. పైనున్న గుమ్మటమంతయు పోయినను, రెండువేల యేండ్ల క్రిందట చెక్కిన ఆ పేర్లు అడుగున చెదరక యుండెను. అటక మీద నే నొంటరిగా పడియుండిన దినములలో ఈ కథనే మరల మరల తలచుకొనుచుంటిని.

అమ్మ ఒక రాత్రి, తన ఇంటిలోనే యుండి, “మా ఇంటికి పోతాను” అనుచు రైలు గేటు దాక నడచిపోయెను. అటుపిమ్మట ఆమెను తెనాలిలోని వృద్ధాశ్రమ మొకదానిలో చేర్చిరి. ఆమె కొడుకుపై నేను చాల కాలము కినుక వహించితిని. కాని ఆతడు ప్రతి ఆదివారమును రేపల్లె బండిలో పోయి ఆమె గోళ్లు తీసి, తల దువ్వి వచ్చునని విన్నంతట ఆ కినుక నిలువలేదు. మొదట్లో ఆతడు పోగానే, “అమ్మా, నేనెవరో చెప్పు” అని యడిగెడివాడట. ఆమె బెదరి గోడవైపు తిరిగెడిది. “పరీక్ష పెట్టకండి సార్, ఆమెకి భయమేస్తంది” అని ఆయా యొకతె చెప్పినది.

వైద్యుడు విశదముగా చెప్పెను. 1906లో జర్మనీ వైద్యుడు ఆల్జీమరు లోకమునకు తెలిపిన వ్యాధి యిది. మన దేశమున అరువదియేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా అను మతిమరుపు జబ్బు యేదో యొక రూపమున నున్నదని లెక్క. ఆల్జీమరు వ్యాధిలో క్రొత్త జ్ఞాపకములను నిలుపు భాగము తొలుత దెబ్బతినును. చేతి కలవాటైన పనులు మెదడులో వేరొకచోట నుండుటచే చాల కాలము మిగిలి యుండును.

అమ్మ కుడిచేయి దుప్పటిపై ఊరక గుండ్రముగా తిరుగుచుండుటను, ఎడమచేతి రెండు వ్రేళ్లు లేని దేనినో పట్టుకొని యుండుటను అందరును వణకు అనుకొనిరి. కొడుకు మాత్రము ఒక ఆదివారము చాలసేపు చూచి, ఏమియు మాటాడక వెడలిపోయెను. మరునాడే నన్ను అటక దింపి, క్రొత్త ఆకు వేయించి, త్రాడు కట్టించి, బండిలో తన మోకాళ్లపై పెట్టుకొని తెనాలి తెచ్చెను.

అమ్మ నన్ను చూచి ఏమియు అనలేదు. చేయి పిడిపై పడెను. కదురు కదలెను. నడుమ పోగు తెగగా, చూపు కిటికీ మీదనే యుంచి ముడి వేసెను. కండె నిండినంతట దానిని ఊడదీసి, ఎదుట కూర్చున్న కొడుకు చేతిలో పెట్టి, “పెద్దన్నయ్యా, నాన్న మగ్గం దిగాడా? ఇది ఇచ్చిరా, పేక అయిపోతుంది” అనెను.

ఆతని మొగమునకు మేనమామ పోలిక కలదు. “ఇంకా దిగలేదమ్మాయ్, ఇచ్చొస్తా” అని లేచి, వరండాలో కొంతసేపు నిలుచుండి వచ్చెను.

ఇప్పుడు నేను ఆమె మంచము క్రింద నుందును. ఆదివారము సాయంకాలము బండికి ఆతడు తిరిగిపోవునపుడు చొక్కా జేబులో నాలుగైదు కండెలుండును. మగ్గము లేని ఇంటికి వానిని కొనిపోయి, అటక మీద నేనుండిన చోటనే వరుసగా పేర్చుచున్నాడట.