గొల్లభామకు అందని లగ్గపత్రిక

మెదక్ పట్టణంలో లగ్గం ఖాయమైన మరుక్షణమే, పత్రిక మీది పసుపు ఆరకముందే, ఆడపెళ్లివారు బండి కట్టించుకొని సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పట్టుచీర కోసం తరలడం ఆచారంగా స్థిరపడింది. అక్కడ గుట్టపడిన చీరలన్నింటినీ తిరస్కరించి, చివరకు మొట్టమొదట చూసినదాన్నే ఖాయం చేసి, జరీ, అనగా వెండిపోగుకు బంగారు పూత పూసిన దారం, అసలుదో నకిలీదో, చీర పట్టుదో కాదో తేల్చే భారాన్ని అంతవరకు కునికిపాట్లు పడుతున్న మేనమామపై మోపుతారు; అసలు పట్టుపోగు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుందని ఆయనకు తెలిసినా, దుకాణంలో అగ్గిపుల్ల గీయనివ్వరు గనుక తల పంకించి ఊరుకుంటాడు.

2016 అక్టోబరు వరకు మెదక్ జిల్లాలోనే ఉన్న సిద్దిపేటలో, నెత్తిన కుండతో నిలిచిన గొల్లభామ బొమ్మను మగ్గంపై పోగుపోగుగా తీర్చే చేనేత చీరకు భౌగోళిక గుర్తింపు, అనగా ఒక ప్రాంతపు విశిష్ట ఉత్పత్తి పేరుకు చట్టం కల్పించే రక్షణ, ఏనాడో లభించింది. అయినా దానికి పెళ్లిపీటల పిలుపే రాలేదు. ఆ చీరలో లోపం ఒక్కటే: హైదరాబాదు అద్దాల కొట్టు సంచిలో రాకపోవడం.