రసీదు దొరికిన నమ్మకం

కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలను ఆపడానికి 2008లో ఓటింగుకు పెట్టిన ప్రతిపాదన 8కి బ్రెండన్ ఐక్ సొంత జేబులోంచి వెయ్యి డాలర్ల చందా ఇచ్చాడు. 2014లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా సీఈఓ కుర్చీ ఎక్కగానే ఆ పాత రసీదు మెడకు చుట్టుకుంది. రెండు వారాలు తిరక్కుండానే దిగిపోయాడు. ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైటైతే, ఫైర్‌ఫాక్స్‌తో వచ్చినవాళ్లను గుమ్మంలోనే ఆపి, వేరే బ్రౌజర్ చూసుకోమని హితవు చెప్పింది. అన్నట్టు, వెబ్ పేజీలను ఆడించే జావాస్క్రిప్ట్ కూడా ఆయనగారి సృష్టే, 1995 నాటిది. దాన్ని మాత్రం ఎవరూ వెలివేయలేదు. వెలివేస్తే ముందు తమ దుకాణమే మూతపడుతుంది మరి!

తర్వాత తేలిందేమిటంటే, ఆ డేటింగ్ సైటు పెద్దమనిషీ 2004లో అవే పెళ్లిళ్లను వ్యతిరేకించే నాయకుడికి ఐదొందల డాలర్లు ఇచ్చాడట. ఆ నాయకుడి అభిప్రాయం తెలియక ఇచ్చానన్నాడు. చందా సగం కాబట్టి పాపమూ సగమే కాబోలు.

మన దేశంలో ఈ బాధ లేదు. పార్టీలకు గుట్టుగా చందాలు చేరవేసిన ఎన్నికల బాండ్ల చిట్టాను 2024లో సుప్రీంకోర్టు విప్పిస్తే, అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ ఒకే చేత్తో ఇచ్చిన కంపెనీలు బయటపడ్డాయి. ఇన్ని పార్టీలను ఒకేసారి నమ్మిన ఆసామిని ఏ నమ్మకం పట్టుకుని నిలదీస్తాం?