ఊడిపోయిన ఆఖరి ఫారం

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఓ హోటల్లో పెసరట్టు చెప్పి కూర్చున్నాను. పక్క టేబుల్ మీద కథాచర్చ. అల్లం పచ్చడి గిన్నెకు ఆనించి ఓ పాత క్రైమ్ నవల. అట్ట మీద అద్దె పుస్తకాల షాపు రబ్బరు స్టాంపు, బైండింగు దారాలు బయటికి వేలాడుతున్నాయి.

కథ వినబడుతూనే ఉంది. ఒళ్ళూ పై తెలియని ప్రేమజంట. అబ్బాయి పనిచేసే షాపులో గల్లాపెట్టె కొట్టేసి పారిపోతారు. అడ్డొచ్చిన వాచ్‌మన్ చస్తాడు. అక్కణ్ణుంచి అధ్యాయానికో ముడి బిగుస్తుంది.

"నవల ఆత్మ జోలికి మాత్రం పోమండీ" అన్నాడు డైరెక్టరు. పెసరట్టు చల్లారేలోగా మిగతా వాటన్నిటి జోలికీ వెళ్ళాడు. హీరో దొంగతనం చేస్తే అభిమానులు ఊరుకోరు కాబట్టి, ఆ డబ్బు అనాథాశ్రమానిది. విలన్ నొక్కేస్తే హీరో వెనక్కి తెస్తున్నాడు. వాచ్‌మన్ గుండెపోటుతో పోతాడు, పోతూ పోతూ జంటను దీవిస్తాడు. నవల్లో తాళం తీసింది అమ్మాయే. సినిమాలో ఆవిడ పని బండి మీద హీరో నడుం పట్టుకోవడం.

"మరి ముగింపు?" అన్నాడు రచయిత.

"ఆఖరి ఫారం ఊడిపోయింది గురువుగారూ. 16 పేజీలు లేవు."

"అదృష్టం! క్లైమాక్స్ మనిష్టం."

ఆ 16 పేజీల్లోనే కదా బాబూ, చేసినదానికి లెక్క కట్టేది!

ఈ జబ్బు మనకొక్కళ్ళకే కాదు. ఎడ్వర్డ్ ఆండర్సన్ 1937 నవల 'థీవ్స్ లైక్ అజ్'లో పారిపోయిన జంట ఇద్దరూ తూటాలకు బలవుతారు. నికొలస్ రే తీసినా, 1974లో రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసినా అమ్మాయిని బతికించేశారు. పాపం, అబ్బాయినైనా చంపారు. మన అబ్బాయికైతే చొక్కా ఇస్త్రీ కూడా నలగదు.

అలాగని మనకు చేతకాదా? యండమూరి 'అభిలాష' 1983లో సినిమా అయింది. ఉరిశిక్ష రద్దు కావాలని ఓ లాయరు చెయ్యని హత్యను తన మెడకు తనే చుట్టుకుంటాడు. చిరంజీవి ఆ వేషం వేశాడు, కోదండరామిరెడ్డి తీశాడు, జనం ఎగబడి చూశారు. తెగింపంటే అదీ. ఖరీదు కట్టేది తెగించినవాడే.

ఆ లాయరు ఎదిరించిన ఐపీసీ 302 సెక్షన్ 2024 జూలై 1న పోయి, కొత్త చట్టంలో 103గా వచ్చింది. నంబరు మారింది, ఉరి మిగిలింది. మన సినిమావాళ్ళ పద్ధతి వేరు: పేరు ఉంచుకుని నవలకే ఉరి వేస్తారు.

బిల్లు కట్టి బయటికొచ్చాను. ఫ్లైఓవర్ కింద ఓ కుర్రాడు వెనకాల అమ్మాయిని ఎక్కించుకుని ఎర్రలైటు దాటి దూసుకుపోయాడు. కానిస్టేబుల్ కేకలేమీ వెయ్యలేదు. సెల్‌ఫోన్ తీసి నంబరు ప్లేటు ఫొటో తీసుకున్నాడు, అంతే.

డైరెక్టరు గారూ, హీరోని చంపొద్దులెండి. కనీసం ఆ చలానా అయినా రాయించండి.