ఇస్త్రీపెట్టెలో కాకిబంగారం

నేను అభ్రకం రేకును. మావైపు కాకిబంగారం అంటారు. పుట్టింది సైదాపురం గనిలో, నెల్లూరు అభ్రకానికుండే పచ్చఛాయతో. షెడ్డులో ఒక అమ్మ చిన్న కత్తితో నన్ను పొరలుగా విడదీసింది. మా పొరల నడుమ పొటాషియం వరుసలుంటాయి. కత్తి ఆ వరుస వెంబడే జారుతుంది. అందుకే చీలిన ముఖం పరమాణువుల లెక్కన చూసినా చదునే.

తర్వాత మనుబోలులో, ఒక ఇస్త్రీ బంకులో చాలా ఏళ్ళున్నాను. నా ఒంటికి నిక్రోమ్ తీగ చుట్టారు. దాని నిరోధం వల్ల కరెంటు వేడిగా మారి గుడ్డల ముడతలు తీసింది. మొన్న సంక్రాంతికి తీగ తెగింది. బంకు నడిపే ఆయన పెట్టె విప్పి నన్ను పారెయ్యబోతే, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివే కూతురు చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాయనా. 1969లో కేంబ్రిడ్జిలో టేబర్, వింటర్టన్ ఇట్టాంటి రేకుల్నే ఎదురెదురుగా పెట్టి, తాకకుండానే ఎంత లాక్కుంటాయో కొలిచారు."

ఆయన నన్ను వేళ్ళ మధ్య తిప్పాడు. తడిగుడ్డ మీద పెట్టె ఎట్టా ఈడుస్తుందో తెలిసిన చెయ్యి అది.

"లాక్కోవడం సరే పాపా. తాకకుండా పక్కకు జరిగితే? అప్పుడు కూడా ఈడుస్తుందా?"

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "ఒక పరమాణువు లోహాన్ని తాకకుండా దాని పక్కనే పోతుందనుకో నాయనా. పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎంత చల్లబరిచినా కుదురుగా ఉండవు. అవి ఊగితే ఎదురుగా ఉండే లోహంలో ఎలక్ట్రాన్లూ సర్దుకుంటాయి, అద్దంలో నీడ మాదిరి. పరమాణువు పరిగెత్తితే నీడా పరిగెత్తాల. లోహానికి నిరోధముంది గదా, నీడ పిసరంత వెనకబడుతుంది. కొంగు పట్టుకున్న చంటిబిడ్డలా వెనక్కి లాగుతుంది. పరమాణువు పోగొట్టుకున్న శక్తి లోహంలో వేడవుతుంది."

నిరోధం! ఇన్నాళ్ళూ నేను మోసిన తీగ గుణమే అది. నిరోధం బొత్తిగా లేని లోహం ముందు నీడ వెనకబడదు, ఆ ఈడ్పూ ఉండదు.

1980లలో ఆ అమ్మాయి చదివే విశ్వవిద్యాలయంలోనే పాఠం చెప్పిన గిరీశ్ అగర్వాల్, లోహాల చెంత, విద్యుద్బంధకాల చెంత శూన్యం కూడా ఎలక్ట్రాన్లలాగే ఎలా అల్లాడుతుందో 1975లోనే లెక్క కట్టారట. 1997లో జాన్ పెండ్రీ అనే భౌతికశాస్త్రవేత్త, ఒకదాని పక్కన ఒకటి జారే పలకల నడుమ ఈ రాపిడిని లెక్కించాడు. 2009లో ఫిల్బిన్, లియోన్‌హార్ట్ అసలు లేదన్నారు. పెండ్రీ మరుసటి ఏడే ఉందని జవాబిచ్చాడు. నాకైతే పెండ్రీ పక్షమే సబబనిపిస్తుంది. వెనకబడే నీడ లాగకుండా ఎలా ఊరుకుంటుంది?

"కొలిచారా?"

"లాక్కోవడాన్ని 1993లో యేల్‌లో కొలిచారు, బంగారు పలకల నడుమ సోడియం పరమాణువులు పంపి. ఈడ్పు మాత్రం ఇంకా చేతికి చిక్కలేదు. మరీ చిన్నది. దూరం కాస్త పెరిగితే దాదాపు మాయమే."

ఆమె సెల్లోటేపు అంటించి నా మసిపట్టిన పైపొర ఒలిచింది. లోపలి ముఖం గనిలో ఉన్నప్పటిలా మెరిసింది. తండ్రి దగ్గరకు వంగాడు. ఆయన ఊపిరి చెమ్మ దాని మీద పట్టి, చూస్తుండగానే ఆరిపోయింది.